పడవకి ఒక్కరు

మా ఆఫీసు పిల్లలు నన్ను చాటుగా ‘కస్సుబుస్సు సారు’ అనేవారని రిటైరైన రోజున తెలిసింది. కేకు తెచ్చి పెట్టిన హడావుడిలో ఎవరో నోరు జారారు. అందరూ గతుక్కుమన్నారు. నేను నవ్వేశాను గానీ, ఆ పేరు నాకు ఊరికే రాలేదు. ఎదుటివాళ్లు మాట పూర్తి చేసేలోపే జవాబు చెప్పేసే అలవాటు నాది. చురుకుదనం అనుకునేవాణ్ణి దాన్ని. ఆ చురుకుదనం ఒకసారి ఎంతదాకా తెచ్చిందో ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను. చదివాక నా మీద గౌరవం తగ్గితే తగ్గనివ్వండి.

నాది బందరు పక్క గూడూరు దగ్గర పల్లె. నాన్న వారమంతా పొలం పని, ఆదివారం మా చర్చిలో సంఘ పెద్ద. గుడివాడలో టైపు నేర్చుకుని, అక్కణ్ణుంచి కంప్యూటరు మీదికి మారి, రైసు మిల్లులకి చిన్నచిన్న ప్రోగ్రాములు రాస్తూ ఈ వృత్తిలో పడ్డాను. యాభై దాటాక బందరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరాను. మందుల షాపు మీద మేడ, మొత్తం పదకొండు మందిమి. రోజూ గుడివాడ నుంచి ప్యాసింజరులో వెళ్లి వచ్చేవాణ్ణి. సిద్ధంగా ఉన్న కోడ్ చట్రాల మీద ప్రోగ్రాములు కట్టే వెబ్ ఫ్రేమ్‌వర్కుల పని నాకు నేర్పింది నా కూతురి కంటే చిన్నదైన ఒక సహోద్యోగి. ముదినేపల్లి పిల్ల. వాళ్ల నాన్నకి చేపల చెరువులున్నాయి. నెమ్మదిగా మాట్లాడేది, వాక్యం మధ్యలో ఆగి ఆలోచించేది. ఆ ఆగిన చోట నేను దూరిపోయేవాణ్ణి.

మాకు వచ్చిన పని చెప్పడానికి చాలా చిన్నది. దివిసీమ చివర సముద్రం ఒడ్డున ఒక పాలెం ఉంది, పేరు వద్దులెండి. అక్కణ్ణుంచి వేటకి వెళ్లే పడవల్లో ఎవరెవరు ఉన్నారో ఒడ్డునే పంచాయతీ ఉద్యోగి ఒక ట్యాబ్‌లో నమోదు చేయాలి. తుఫాను హెచ్చరిక వస్తే ఇంకా సముద్రం మీద ఎవరున్నారో బందరు కంట్రోల్ రూములో తెర మీద కనిపించాలి. తిరిగొచ్చిన మనిషి పేరు మీద నొక్కితే అతను ఒడ్డుకు చేరినట్టు. ఒక పడవలో పేర్లన్నీ అలా నొక్కేశాక ఆ పడవ వరస ఎరుపు నుంచి పచ్చకి మారుతుంది. ముందు ఆ ఒక్క పాలెంలో నడిపి చూసి, బాగుంటే మిగతా తీరమంతా పెడదామన్నారు.

ఇక్కడ కొంచెం మన పని భాష తప్పదు. పడవలు ఒక టేబుల్‌లో, అంటే పట్టికలో, ఉంటాయి, మనుషులు ఇంకో టేబుల్‌లో. ఏ మనిషి ఏ పడవలో ఉన్నాడన్నది ఆ రెండిటి మధ్య మూడో టేబుల్‌లో ఉంటుంది. వాటిని మనం నేరుగా ముట్టుకోం. ఓఆర్ఎమ్ అని ఫ్రేమ్‌వర్కులోనే ఒక మధ్యవర్తి ఉంటుంది. పడవనీ, దాని మనుషుల జాబితానీ దాని చేతికిచ్చి సేవ్ అంటే ఆ మూడో టేబుల్ సంగతి అదే చూసుకుంటుంది. అయితే ఎలా చూసుకోవాలో మనం ముందే చెప్పాలి. పాత పేర్లు ఉంచి కొత్తవి వాటికి కలపడం ఒక పద్ధతి. పాతవన్నీ తీసేసి, ఇప్పుడిచ్చినవే పెట్టడం రెండో పద్ధతి. కోడ్‌లో తేడా ఒక్క మాట. నేను రెండోది పెట్టాను. ఒక పడవకి ఏడు పేర్లు ఒకేసారి కొట్టి సేవ్ చేస్తే ఏడూ వచ్చాయి. ఒకటి తీసేసి మళ్లీ సేవ్ చేస్తే ఆరు వచ్చాయి. శుభ్రంగా ఉందనుకున్నాను.

ఆ అమ్మాయి నేర్పడానికని పాలెం వెళ్లి, రెండు రోజులుండి వచ్చింది. వచ్చాక నా బల్ల దగ్గర నిలబడి, వాళ్లు పేర్లన్నీ ఒకేసారి చెప్పరు సార్ అంది. పడవ కదిలేటప్పుడు అక్కడ ఎవరూ తలలు లెక్కపెట్టనివ్వరట. వెనక నుంచి పిలవకూడదు, ఎవరెవరు వెళ్తున్నారని అడగకూడదు, అపశకునం. పడవ కనుచూపు దాటాక ఆడవాళ్లు ఒక్కొక్కరే, వాళ్ల పని చూసుకుని తీరిగ్గా వచ్చి, మావాడు ఫలానా పడవలో వెళ్లాడని చెబుతారట. ఒకామె పొద్దున వస్తే ఇంకొకామె చేపలమ్ముకుని మధ్యాహ్నం వస్తుంది. అక్కడ సిగ్నలు అంతంతమాత్రం కాబట్టి, అంతకు ముందు రాసిన పేర్లు ట్యాబ్‌లో కనపడవు. ఖాళీ ఫారమే వస్తుంది. అంతవరకూ చెప్పి, “అప్పుడు మన సేవ్ ఏం చేస్తుందంటే సార్…” అని ఆగింది.

ఆ ఆగడంలోనే నేను అందుకున్నాను. ట్రైనింగ్ ఇవ్వడానికి పంపించింది వాళ్ల అలవాట్లు నేర్చుకు రమ్మని కాదు, మన అలవాటు నేర్పి రమ్మని అన్నాను. పేర్లన్నీ ఒకేసారి చెప్పమని ఫోన్ చేసి చెప్పెయ్ అన్నాను. ఆమె కాసేపు నిలబడి, సరే సార్ అని వెళ్లిపోయింది. చర్చిలో పెరిగినవాణ్ణి, శకునాలంటే నాకు మొదటినుంచీ చులకన. ఆ చులకనతో అసలు విషయం వినిపించుకోలేదు. ఇన్నేళ్లయినా ఆ పిల్ల అలా నిలబడటం గుర్తొస్తే సిగ్గేస్తుంది.

తర్వాత కొన్ని నెలలు ఏ ఇబ్బందీ రాలేదు. రోజూ పైకి వెళ్లే రిపోర్టులో ఎన్ని పడవలు వెళ్లాయి, ఎన్ని వచ్చాయి అన్నదే ఉండేది. అది ఎప్పుడూ సరిగ్గానే ఉండేది. మనుషుల పేర్లు చూడాల్సిన అవసరం ఎవరికీ పడలేదు.

అప్పుడు బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. తుఫాను అవుతుందన్నారు, దివిసీమ వైపే వస్తుందన్నారు. ముందు రోజే పడవలన్నిటినీ వెనక్కి రమ్మని కబురు వెళ్లింది. మా ఆఫీసు అమ్మాయిని పాలెంలో తుఫాను షెల్టరుకి పంపించారు, నన్ను కంట్రోల్ రూములో కూర్చోబెట్టారు. దివిసీమలో తుఫాను అంటే ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. మా ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ గాలి మారితే మాట మధ్యలో ఆపేస్తారు.

పొద్దున పదకొండింటికల్లా పాలెం పడవలన్నీ తెర మీద పచ్చబడ్డాయి. ఆ రోజు బాధ్యత చూస్తున్న అధికారి నా కంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు, రెండు రోజులుగా నిద్రలేదు. తెర చూసి, మీ పని బ్రహ్మాండంగా ఉందండీ అన్నాడు. నేను ఫరవాలేదులెండి అన్నాను గానీ లోపల పొంగిపోయాను. ఆయన దగ్గర గాలింపుకి ఒకే ఒక్క బోటు మిగిలి ఉంది. ఉత్తరం వైపు రెండు పడవల జాడ లేదని కబురు. పాలెం వైపు ఎవరూ లేరు కాబట్టి ఆ బోటుని ఉత్తరానికి పంపిస్తున్నానన్నాడు. మధ్యాహ్నం రెండు దాటితే ఏ బోటూ సముద్రంలో ఉండటానికి లేదు.

అప్పుడే ఫోను మోగింది. మా అమ్మాయి. ఒకావిడ షెల్టరులోకి రానంటోంది సార్, ఒడ్డునే నిలబడి ఉంది, వాళ్లాయన పడవ రాలేదంటోంది, మన దాంట్లో ఆ పడవ పచ్చగా ఉంది అని చెప్పింది. అయితే ఆయన పేరు నమోదు చేయించడం ఆవిడ మర్చిపోయి ఉంటుంది అన్నాను. అమ్మాయి ఈసారి ఫోను తీసుకెళ్లి ఆవిడకే ఇచ్చింది.

గాలి హోరులోంచి ఆవిడ గొంతు వినపడింది. అరవలేదు, ఏడవలేదు. “బాబుగారూ, మా పెళ్లయ్యి ఇరవయ్యేళ్లయిందండి. ఆయన పేరు నేనెప్పుడూ నోటితో అన్లేదు. మీ దాంట్లో రాయాలన్నారని అన్నాను. ఆ పేరు ఏం చేశారండి?”

ఒక్క నిమిషం అమ్మా అని, మూడో టేబుల్ తెరిచాను. ఆమె భర్త పడవకి ఒకే ఒక్క పేరుంది. ఆయన పేరు కాదు. ఆ పైన పడవ చూశాను, ఒక్క పేరు. దాని పైన చూశాను, ఒక్కటే. పాలెంలో ఉన్న ప్రతి పడవకీ ఒక్కొక్క మనిషే. ఏడుగురు ఎక్కే పడవలు ఒక్కొక్కరితో సముద్రం మీదికి వెళ్లినట్టు నా టేబుల్ చెబుతోంది. నెలల తరబడి అదే చెబుతూ వచ్చింది, నేను రంగులు తప్ప చూడలేదు.

ఆ అమ్మాయి ఆ రోజు పూర్తి చేయని వాక్యం అప్పుడు నాకు పూర్తయింది. మొదటి ఆడమనిషి వచ్చి భర్త పేరు చెప్పింది. సేవ్ అయింది. రెండో ఆమె వచ్చి కొడుకు పేరు చెప్పింది. పాతది తీసేసి కొత్తది పెట్టమని నేను చెప్పాను కాబట్టి ఓఆర్ఎమ్ మొదటి పేరు తీసేసి రెండోది పెట్టింది. అలా వచ్చిన ప్రతి ఆవిడా తనకు తెలియకుండా ముందు వచ్చినామె మనిషిని తుడిచేసి వెళ్లింది. ప్రతిసారీ ట్యాబ్ మీద నమోదైందని పచ్చటి టిక్కు పడింది. ఒడ్డున ఇద్దరు చెరో ట్యాబ్ పట్టుకుని వచ్చినవాళ్ల పేర్లు నొక్కుతున్నారు, మా అమ్మాయీ, ఆ పంచాయతీ ఉద్యోగీ. నొక్కిన పేరు జాబితాలోంచి పోతుంది కాబట్టి, పేరు కనపడకపోతే రెండోవాళ్లు నొక్కేశారనుకున్నారు.

ఇక ఆవిడ భర్త పడవ పచ్చబడటానికి కారణం, చివరగా మిగిలిన ఆ ఒక్కడు వచ్చేయడమే. చేపలు పడ్డాక, ముందుగా ఒడ్డుకి వెళ్లే పడవలోకి సరుకు ఎక్కించి, అమ్మకం చూసుకోమని ఒక మనిషిని దాంతో పంపడం వాళ్ల రివాజు. అతను అలా ముందు రోజు ఉదయమే వచ్చేశాడు. మిగతావాళ్లు గాలి చూసి బందరు హార్బరు వైపు చేరి ఉంటారనుకున్నాడు. అది కూడా మామూలే కాబట్టి పడవ కనపడలేదని ఊళ్లో ఎవరూ కంగారు పడలేదు, ఆవిడ తప్ప.

నేను లేచి అధికారి దగ్గరికి వెళ్లాను. ఆ నాలుగడుగుల్లో నా బుర్ర ఏం చేసిందో నిజం చెప్పేస్తాను. “సర్, నెట్‌వర్క్ సమస్య వల్ల…” అని మొదలుపెట్టాను. ఆ మాటతో ఎన్నోసార్లు బతికిపోయాం మేమందరం. కానీ నెట్‌వర్క్ అంటే ఆయన కాసేపు చూద్దాం అంటాడు, చూసే టైము లేదు. ఆగి, సర్, నెట్‌వర్క్ కాదు, ఆ పాలెం జాబితా మొత్తం తప్పు, తప్పు చేసింది నేనే అన్నాను. ఎంతమంది సముద్రంలో ఉన్నారని అడిగాడు. తెలియదండి అన్నాను. ఆయన నన్ను తిట్టలేదు. ఉత్తరానికి బయల్దేరబోతున్న బోటుని ఆపమని చెప్పి, పావుగంటలో నాకు పేర్లు కావాలి అన్నాడు.

తుడిచిన పేర్లు టేబుల్‌లో లేవు. ఉన్నది ఆడవాళ్ల దగ్గరే. షెల్టరు మెట్ల మీద మా అమ్మాయి నోట్‌బుక్ తీసుకుని కూర్చుంది, ఫోనులో నాతో మాట్లాడుతూనే ఉంది. ఒక్కొక్కరినీ పిలిచి మీవాళ్లు ఏ పడవ, వచ్చారా రాలేదా అని అడుగుతోంది. మొగుడి పేరు పలకనివాళ్లు పక్కామె చేత చెప్పించేవాళ్లు మామూలుగా. ఆ రోజు ఎవరూ పక్కకి చూడలేదు. గాలికి వినపడదని గట్టిగా చెబుతున్నారు. నేనిక్కడ రాసుకుంటున్నాను. తక్కిన పడవల మనుషులందరూ షెల్టరులోనే ఉన్నారు. ఆ ఒక్క పడవకి ఐదు పేర్లు తేలాయి. ముందే వచ్చేసినవాడు ఆరో మనిషి. ఎప్పుడూ ఆ పడవలో వెళ్లే ఏడో మనిషి తల్లి వచ్చి, మావాడు జ్వరంతో పడుకున్నాడు, వేటకెళ్లలేదు అంది.

“సార్, మరి ఆయన బదులు…” అని మా అమ్మాయి ఆగింది.

“వెళ్లలేదంటోందిగా. కొట్టేసి తర్వాత పేరు చెప్పమ్మా” అన్నాను.

పదకొండున్నరకి బోటు పాలెం వైపు తిరిగింది. ముందే వచ్చేసిన మనిషితో ఫోనులో మాట్లాడి, చివరిసారి పడవ ఎక్కడుందో అడిగారు. తను దిగేటప్పటికే ఇంజను మొరాయిస్తోందన్నాడు. ఇంజను ఆగితే నీటివాలు కృష్ణ కలిసే చోట మడ అడవి వైపు లాగుతుందన్నాడు. అటే వెళ్లమన్నారు. ఉత్తరం వైపు పడవలు రెండూ వేరే రేవుకి చేరాయని పన్నెండింటికి తెలిసింది. అంటే ఆ రోజు సముద్రం మీద మిగిలింది నేను తుడిచేసిన పడవ ఒక్కటే.

ఆ రెండు గంటలూ నేను చేసిన పని ఏమీ లేదు. కిటికీ అద్దాలు అదురుతున్నాయి. ఎవరో ప్లేటులో ఇడ్లీలు పెట్టి ఇచ్చారు, అలాగే ఉంచేశాను. వైర్‌లెస్ దగ్గరున్నాయన ప్రతి పది నిమిషాలకీ తల అడ్డంగా ఊపుతున్నాడు. ఒకటిన్నర దాటింది. అధికారి గడియారం చూసుకోవడం, నన్ను చూడకుండా ఉండటానికి ప్రయత్నించడం నాకు తెలుస్తూనే ఉంది.

రెండుకి పావుగంట ముందు వైర్‌లెస్ పలికింది. పడవ మడ చెట్లలో చిక్కుకుని ఉంది, ఐదుగురూ బతికే ఉన్నారు. గదిలో ఒక్కసారిగా గొంతులు లేచాయి. నేను బల్ల మీద తల పెట్టి ప్రార్థన చేసుకున్నాను. చిన్నప్పుడు నాన్న నేర్పిన మాటలే. ఆమెన్ అనబోతుండగా వైర్‌లెస్ మళ్లీ పలికింది. ఇంకో మనిషి ఉన్నాడంటున్నారు, బయల్దేరమంటారా, వెతకమంటారా అని.

అధికారి నా కాగితం చూశాడు. ఐదు. ఎవరండీ ఆ మనిషి అని అడిగాడు. ఈసారి ఆయన గొంతులో కోపం ఉంది. జ్వరం వచ్చిన కుర్రాడి బదులు ఎవరో ఒకరు ఎక్కి ఉంటారని అప్పుడు తట్టింది. ఏడుగురు లాగే వల ఆరుగురితో నడవదు. మా అమ్మాయి అడగబోయిన మాట అదే. ముందే వచ్చేసినవాణ్ణి కూడా పడవ ఎక్కడుందని అడిగామే గానీ, అందులో ఎంతమంది ఉన్నారని అడగలేదు. ఆ ఉదయమే అంత జరిగాక, అదే పిల్ల నోరు, అదే విధంగా, మళ్లీ నేనే మూయించాను. ఒడ్డున మిషను చేసిన తప్పుని రెండోసారి నేను నోటితో చేశాను.

అతనికోసం ఒడ్డున ఎవరూ రాలేదు. రావడానికి ఎవరూ లేరు. బంటుమిల్లి వైపు రొయ్యల చెరువుల మీద కాపలా పని చేసి, అది పోతే సముద్రం పనికి వచ్చిన మనిషట. పెళ్లాం లేదు, తల్లి లేదు. ఎక్కడ పని దొరికితే అక్కడ పడుకునేవాడు. మావాడని అతని పేరు చెప్పే నోరు ఆ పాలెంలో ఒక్కటీ లేదు. ఇంజను ఆగాక, ఈత బాగా వచ్చు కాబట్టి సాయం తెస్తానని మడ అడవిలోకి దిగి వెళ్లాడు.

రెండుకి ఐదు నిమిషాలుంది. పడవలో ఉన్న ఐదుగురూ అతను లేకుండా మేం బోటు ఎక్కమని మొండికేశారని తర్వాత తెలిసింది. అధికారి కళ్లు మూసుకుని, అరగంట వెతకండి అన్నాడు. ఆ మాటకి ఏదైనా జరిగితే ఉద్యోగం పోయేది ఆయనది. నాది కాదు.

రెండూ ఇరవైకి దొరికాడు. ఒక మడ చెట్టు కొమ్మల్లో కూర్చుని ఉన్నాడట. ఆల్చిప్పలు కోసేసి కాళ్లు రెండూ రక్తం. బోటు రేవులోకి రావడం, వాన విరుచుకుపడటం ఒకేసారి జరిగాయి. నేను బయటికి వెళ్లి వరండాలో గోడకి ఆనుకుని ఏడ్చాను. అరవైకి దగ్గర పడ్డ మనిషిని, ఎవరు చూస్తున్నారో పట్టించుకోలేదు.

నీళ్లు తీశాక పాలెం వెళ్లాను. క్షమించమని అడగడానికి వెళ్లాను గానీ ఆవిడ ఆ మాట రానివ్వలేదు. టీ ఇచ్చింది. మావాళ్లు వచ్చారుగా, ఇక ఆ సంగతి ఎందుకండీ అంది. నేను మా అమ్మాయిని మాట్లాడమన్నాను. ఆ రోజు ఆమె ఎంతసేపు ఆగినా నేను దూరలేదు. ఆమె చెప్పినట్టే అంతా మార్చాం. కోడ్‌లో ఆ ఒక్క మాట మార్చడానికి రెండు నిమిషాలు పట్టింది. ఇప్పుడు కొత్త పేరు వస్తే పాతవాటికి కలుస్తుంది. ఎవరి పేరైనా తీసేయాలంటే, అతని బదులు ఎవరు వెళ్లారని అడుగుతుంది. జవాబు చెప్పేదాకా సేవ్ కాదు. పడవ వెళ్లేటప్పుడు తలలు లెక్కపెట్టమని ఎవరినీ అడగలేదు.

మీలో ఎవరైనా రేపు ఇలాంటి ఫారం ఒకటి తయారు చేస్తారు. పచ్చటి టిక్కు పడితే సేవ్ అయిందనుకోకండి. ఏది సేవ్ అయిందో తెరిచి చూడండి. పక్కన నెమ్మదిగా మాట్లాడేవాళ్లు ఎవరైనా ఉంటే వాక్యం పూర్తి చేయనివ్వండి. నాకు తెలిసింది ఇంతే, అది కూడా చాలా ఆలస్యంగా.

రిటైరైన రోజున, కేకు కోయడానికి పిలుస్తున్నా, చివరిసారిగా ఆ మూడో టేబుల్ తెరిచాను. ఆవిడ భర్త పడవ ఆ ఉదయమే వేటకెళ్లింది. ఏడు పేర్లున్నాయి. ప్రతి పేరు పక్కనా ఎవరు చెప్పారు, వాళ్లు ఏమవుతారు అని రెండు గడులు పెట్టింది మా అమ్మాయి. ఆవిడ ఆ రోజు రెండు పేర్లు చెప్పింది. మొదటిదాని పక్కన భర్త అని ఉంది. రెండోది బంటుమిల్లి నుంచి వచ్చిన మనిషిది. ఏమవుతారన్న గడిలో, ఆవిడ అన్నది అన్నట్టుగానే రాసి ఉంది. ‘ఏమీ కాడు. చెప్పేవాళ్లు లేరని నేను చెబుతున్నాను.’

అది సేవ్ అయిందో లేదో ఇంకోసారి చూసుకుని, కేకు దగ్గరికి వెళ్లాను.